పత్తి కట్టెతో యూనిట్ పెడదామనుకుంటున్నారా? మెషిన్ సంగతి ఆఖర్న చూద్దాం

మా పరకాల వైపు సంక్రాంతి దాటిందంటే సాయంత్రం పూట గట్ల మీద పొగలే పొగలు. ఆఖరి ఏరుడు అయిపోయి గుడ్డి పత్తి కూడా దులిపేసుకున్నాక కట్టె పీకి, కుప్పేసి, అగ్గిపుల్ల గీస్తారు. ఎకరానికి 8 నుంచి 12 క్వింటాళ్ళ కట్టె, అంటే దగ్గరదగ్గర ఒక టన్ను. తెలంగాణలో పత్తి 40 లక్షల ఎకరాలకు పైనే వేస్తారు కదా, ఎంత సరుకు బూడిదవుతుందో మీరే గుణించుకోండి. ఆ లెక్క వేసిన ప్రతివాడికీ "మనమే ఒక బ్రికెట్ల మెషిన్ పెడితే పోలా?" అనిపిస్తుంది. బ్రికెట్లంటే పొట్టును గట్టిగా నొక్కి చేసే దిమ్మెలు, బాయిలర్లలో బొగ్గు బదులు కాలుస్తారు. నాకూ అనిపించింది, అదీ మెషిన్ అమ్మేవాళ్ళ వీడియో చూసి. ఆ వీడియోలో ఒక పక్క పొట్టు పోస్తుంటే ఇంకో పక్క నుంచి చేయి లావు బ్రికెట్లు గొలుసులా వస్తుంటాయి, చూడ్డానికి భలే ఉంటుంది. ఆ పొట్టు ఏ చేల నుంచి వచ్చింది, ఎవరు పీకారు, ఎన్నాళ్ళు ఎండింది, వానాకాలం ఎక్కడ దాచారు, ఇవేవీ అందులో ఉండవు. నేను నేర్చుకున్నదంతా ఆ చూపించని భాగంలోనే, డబ్బు పోగొట్టుకున్నదీ అక్కడే. అందుకే మీకు ఆ వరసలోనే చెప్తాను.

ముందు మ్యాప్ మీద గీత గీయండి

యూనిట్ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడ ఫోన్‌లో మ్యాప్ తెరిచి, చుట్టూ 15 కిలోమీటర్ల గీత ఊహించుకోండి. మీ వ్యాపారం అంతే. దాని బయట ఎంత కట్టె ఉన్నా మీది కాదు, ఎందుకంటే ముక్కలు చేయని కట్టె చూపుకు కొండంత ఉంటుంది గానీ తూకానికి ఏమీ రాదు. ట్రాక్టర్ ట్రాలీ మీద మనిషి ఎత్తున పేర్చినా టన్ను దాటడం కష్టం. ఆ టన్ను కోసం 30 కిలోమీటర్లు పోయి వస్తే డీజిలే తినేస్తుంది.

ఇప్పుడు అవసరమెంతో చూద్దాం. 90 ఎంఎం లావు బ్రికెట్లు చేసే మెషిన్ గంటకు టన్ను తీస్తుందనుకోండి (కంపెనీవాడు టన్నున్నర అంటాడు, మీరు టన్నే వేసుకోండి). రోజుకు ఒక షిఫ్టు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు, మొత్తం 2,000 టన్నులు. తేమ తరుగు, దుమ్ము, మట్టి పోను అంత రావాలంటే 2,500 టన్నుల కట్టె యార్డులోకి దిగాలి. ఎకరానికి టన్ను చొప్పున 2,500 ఎకరాలు. కానీ అందరూ ఇవ్వరు. కొందరు వంటకు ఉంచుకుంటారు, కొందరి చేలోకి ట్రాక్టర్ పోయే దారే ఉండదు, కొందరు మీరు వెళ్ళేసరికే కాల్చేసి ఉంటారు. మూడింట ఒక వంతు మీకు దొరికితే గొప్ప, అంటే మీ గీత లోపల కనీసం 7,500 ఎకరాల పత్తి ఉండాలి. ఊరికి వెయ్యెకరాలు పత్తి ఉన్నా ఏడెనిమిది ఊళ్ళు కావాలి. ఇది ఊహించి చెప్పుకోవాల్సిన లెక్క కాదు, మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదు వివరాలు ఊరి వారీగా ఉంటాయి, వెళ్ళి అడగండి. ఆంధ్రలో అయితే ఈ-క్రాప్ లెక్కలున్నాయి.

ఆ గీత లోపల ఇంకో బ్రికెట్ యూనిట్ గానీ, ఊక, కంప మీద నడిచే పెద్ద బాయిలర్ గానీ ఉందేమో తప్పకుండా చూడండి. మనకు ఈ విషయంలో ఒక పాత దెబ్బ ఉంది. 2000ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రంలో ఊకతో, సర్కారు తుమ్మతో కరెంటు తీసే బయోమాస్ ప్లాంట్లు వరసగా వచ్చాయి. అంతకుముందు రైస్ మిల్లుల వాళ్ళు ఊకను ఎలా వదిలించుకోవాలా అని చూసేవాళ్ళు, ప్లాంట్లు రాగానే అదే ఊకకు రేటొచ్చింది. ఆ రేటు ఏటా పెరుగుతూ పోయింది, వాళ్ళు అమ్మే కరెంటు రేటు మాత్రం అంత వేగంగా పెరగలేదు. చాలా ప్లాంట్లు అక్కడే చతికిలపడ్డాయి. చెత్త అనుకున్నది కొనేవాడు వచ్చిన రోజు నుంచి చెత్త కాదు. మీ ప్రాజెక్టు రిపోర్టులో కట్టె రేటు మూడో ఏడుకి ఒకటిన్నర రెట్లు వేసుకుని చూడండి, అప్పటికీ మిగిలితేనే ముందుకు వెళ్ళండి.

రైతు దగ్గరికి "టన్నుకు ఎంత" అని పోవద్దు

నేను మొదటి ఏడు అలాగే పోయాను. "ఏం బాపూ, కట్టె అమ్ముతవా, టన్నుకు ఇంత ఇస్త" అంటే ఒక పెద్దాయన నా వైపు జాలిగా చూసి, "పీకనీకి కూలోళ్ళు ఏడ దొరుకుతున్నరు కొడుకా, నువ్వే పీక్కొనిపో, పైసలు నాకేం వద్దు, చేను సాపైతే చాలు" అన్నాడు. ఆ మాటతో నాకు అసలు బేరం అర్థమైంది. బోరున్న రైతుకు పత్తి తీసేసి డిసెంబరు, జనవరిలోనే మక్క వేసుకోవాలని తొందర. బోరు లేనివాళ్ళకు మే దాకా తొందరే లేదు. మొదటివాళ్ళకు "మూడు రోజుల్లో చేను ఖాళీ చేసి ఇస్తాం" అని మాటివ్వండి, కట్టెకు డబ్బు ఇవ్వకపోయినా సంతోషంగా ఇస్తారు. రెండోవాళ్ళ కట్టె చేలోనే నిలబడి ఎండుతుంది, దాన్ని మార్చి నెలలోనో ఏప్రిల్‌లోనో తీసుకోండి, వీళ్ళకు మాత్రం తూకం ప్రకారం ఎంతో కొంత ఇవ్వండి. ఉచితంగా వస్తోంది కదా అని మురిసిపోతే మూడో ఏడు పక్క యూనిట్ వాడు రూపాయి ఇచ్చి తన్నుకుపోతాడు.

గులాబీ రంగు పురుగు సంగతి కూడా చెప్పండి, ఇది మాటవరసకు చెప్పేది కాదు. చేలో మిగిలిన ఎండు కాయల్లోనే ఆ పురుగు దాక్కుని వచ్చే పంటకు ఎక్కుతుంది, అందుకే జనవరి దాటాక పత్తిని చేలో ఉంచొద్దని వ్యవసాయ శాఖ వాళ్ళు ఏటా మొత్తుకుంటారు. ఇందులో మీకో ఇరకాటం ఉంది: ఆలస్యంగా తీసే కట్టె బాగా ఎండుతుంది గానీ పురుగుకు ఆశ్రయం ఇస్తుంది. నేనైతే ఆ కాయలను ముందే దులిపించి కాల్పించేస్తాను, కట్టె మీద కాయ ఉంటే యార్డులోకి రానివ్వను.

ట్రాక్టర్ ష్రెడ్డర్‌తో కట్టెను ముక్కలు చేసి నేలలోనే కలిపేసే రైతులు కొందరుంటారు. వాళ్ళను కదిలించొద్దు. వాళ్ళు చేస్తున్నది వాళ్ళ భూమికి మంచి పని, మన యూనిట్ కోసం దాన్ని చెడగొట్టడం న్యాయం కాదు.

ఇక పీకే పద్ధతి. నేల పొడిగా బిగుసుకుపోతే వేరు రాదు, కట్టె మధ్యకు విరుగుతుంది, కింద మోడు మిగిలి మళ్ళీ చిగురిస్తుంది. కాస్త పదునున్నప్పుడు పీకితే వేరుతో సహా వస్తుంది, కానీ వేరుకు మట్టి పట్టుకుని వస్తుంది. ఆ మట్టిని అక్కడే, చేలోనే, రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి దులిపించండి. చిన్న పనిలా కనిపిస్తుంది, కూలీలు విసుక్కుంటారు కూడా. మట్టి, ఇసుక పొట్టుతో పాటు మెషిన్‌లోకి పోతే పొట్టును నొక్కే భాగాలు, అంటే పంచ్, డై, వేర్ రింగు అరిగిపోతాయి, పైగా బ్రికెట్‌లో బూడిద శాతం పెరిగి కొనేవాడు రేటు కోస్తాడు. చేలో ఒక నిమిషం దులిపితే యార్డులో ఒక పూట మిగులుతుంది.

నీళ్ళు కొనకండి

వెయ్యి కిలోల కట్టెలో 30 శాతం తేమ ఉందనుకోండి. అందులో 300 కిలోలు నీళ్ళు, 700 కిలోలు అసలు సరుకు. దాన్ని మెషిన్‌కు పనికొచ్చే 10 శాతం తేమకు ఎండబెడితే తూకం 778 కిలోలకు దిగుతుంది. అంటే టన్నుకు డబ్బిచ్చి 222 కిలోల నీళ్ళు కొన్నట్టు. నేను మొదటి ఏడు ట్రాలీ లెక్కన కొన్నాను, అది ఇంకా అన్యాయం, పచ్చి కట్టె ట్రాలీకీ ఎండు కట్టె ట్రాలీకీ ఒకటే రేటు. రెండో ఏటి నుంచి ప్రతి ట్రాలీ ధర్మకాంటా ఎక్కాల్సిందే, చీటీ మీద తేమ కూడా రాయాల్సిందే.

తేమ మీటర్ కొనుక్కోండి, కానీ చేలో దానికన్నా చెయ్యే నయం. వేలు లావు కట్టె తీసుకుని విరవండి. టక్కుమని విరిగి రెండు ముక్కలైతే దారికొచ్చినట్టే. వంగి, నారలాగా తోలు లేచి వేలాడితే ఇంకా రెండు వారాలు ఎండాలి. అనుమానంగా ఉంటే ఒక కిలో ముక్కలు సన్నగా కొట్టి, వేడి తక్కువ పెట్టి, తూకం ఇక తగ్గదనేదాకా ఎండబెట్టండి. 850 గ్రాములకు వచ్చి ఆగితే 15 శాతం తేమ.

ఎందుకింత పట్టింపు అంటారేమో. బ్రికెట్‌లో జిగురేమీ కలపం, ఒత్తిడికి పుట్టే వేడికి కట్టెలో సహజంగా ఉన్న లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి అదే అంటుకుంటుంది. తేమ 12 శాతం దాటితే లోపల ఆవిరి పుట్టి బ్రికెట్ పగుళ్ళు వస్తుంది, ఒక్కోసారి డై లోంచి తుపాకీ పేలినట్టు బయటికి తన్నుతుంది. మరీ ఎండిపోయినా అంటుకోదు. 8 నుంచి 12 మధ్య ఉంచండి. మన జనవరి నుంచి మే దాకా ఎండ చాలు, డ్రయ్యర్ అక్కర్లేదు. డ్రయ్యర్ పెట్టించాలని చూసేవాళ్ళను కాస్త దూరంగా ఉంచండి.

మొదటి ఏడు ముక్కలే అమ్మండి

ఇది చాలామందికి నచ్చదు. అయినా చెప్తాను: మొదటి సీజన్‌లో బ్రికెట్ మెషిన్ కొనొద్దు. ట్రాక్టర్‌తో నడిచే చిప్పర్ ఒకటి కొనండి లేదా కిరాయికి తెచ్చుకోండి, కట్టెను చేను దగ్గరే ముక్కలు చేసి, ఇప్పటికే నడుస్తున్న బ్రికెట్ యూనిట్‌కో, ముక్కలే కాల్చగలిగే బాయిలర్‌కో అమ్మండి. ముక్కలు చేస్తే అదే ట్రాలీలో రెండింతలు పడుతుంది, కాబట్టి రవాణా ఖర్చు అక్కడే సగానికి దిగుతుంది. లాభం పెద్దగా రాదు. కానీ ఏ ఊళ్ళో రైతులు మాట మీద ఉంటారు, ఏ దారి వానకు తెగుతుంది, కూలీల మేస్త్రీ ఎవరు నమ్మదగ్గవాడు, టన్ను కట్టె నిజంగా మీ యార్డుకు ఎంతకు చేరుతుంది, ఇవన్నీ అప్పు లేకుండా తెలుస్తాయి. ఆ చివరి అంకె మీ దగ్గర లేకుండా బ్యాంకుకు పోతే, ప్రాజెక్టు రిపోర్టు రాసేవాడు తనకు తోచిన అంకె వేస్తాడు.

ఊరికొక చిప్పర్, ఏడెనిమిది ఊళ్ళకు కలిపి ఒక మెషిన్, ఇదీ నా దృష్టిలో నిలబడే పద్ధతి. చిప్పర్ ఊళ్ళో ట్రాక్టర్ ఉన్న కుర్రాడి చేతిలోనో, మహిళా సంఘం చేతిలోనో ఉండాలి. మీరు వాళ్ళ దగ్గర తూకం, తేమ చూసి ముక్కలు కొనాలి. అన్నీ మీరే చేయాలనుకుంటే ఆరు నెలలు కూలీలను వెతకడంతోనే సరిపోతుంది. మీ దగ్గర నడుస్తున్న రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే ఇంకా మంచిది, రైతులతో ఒప్పందం వాళ్ళ పేరు మీద ఉంటే మాట నిలుస్తుంది.

కొనేవాడు దొరికాకే మెషిన్

బాయిలర్ ఉన్న ప్రతి చోటా మీ గిరాకీ ఉంది: పాల డెయిరీలు, నూనె మిల్లులు, బట్టల అద్దకం, జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీలు. రైస్ మిల్లులను వదిలేయండి, వాళ్ళకు సొంత ఊకే ఎక్కువ. ధాన్యం బరువులో ఐదో వంతు ఊకే కదా.

కొనేవాడు బ్రికెట్ అందం చూడడు, వేడికి ఎంత పడుతోందో చూస్తాడు. పత్తి కట్టె కిలోకు సుమారు 3,800 కిలోకేలరీలు ఇస్తుంది, ఊక 3,000 పైన ఎక్కడో ఉంటుంది. ఉదాహరణకు ఆయన వాడే బొగ్గు 4,000 కిలోకేలరీలది కిలో 8 రూపాయలు పడితే, వెయ్యి కిలోకేలరీలకు 2 రూపాయలు. మీరు 3,800ది 7 రూపాయలకు ఇస్తే 1 రూపాయి 84 పైసలు. ఈ అంకెలు మీ ఊరి రేట్లతో మార్చుకుని, కాగితం మీద వేసుకుని వెళ్ళండి. మన కట్టెకు ఇంకో బలం బూడిద. ఊకలో, వరిగడ్డిలో బూడిద 15 నుంచి 20 శాతం, పత్తి కట్టెలో మట్టి లేకుండా చూసుకుంటే చాలా తక్కువ. వరిగడ్డి బూడిద బాయిలర్ లోపల కరిగి గడ్డకడుతుందని ఆపరేటర్లు భయపడతారు. అందుకే కొనుగోలు మేనేజర్ కన్నా ముందు బాయిలర్ ఆపరేటర్‌తో ఒక టీ తాగండి. ఐదు టన్నులు ట్రయల్‌కు ఇస్తానని చెప్పండి.

థర్మల్ ప్లాంట్లకు అమ్ముదామని చాలామంది అడుగుతారు. కేంద్రం బొగ్గుతో పాటు కొంత శాతం బయోమాస్ కాల్చాలని 2021లో నిబంధన తెచ్చింది, మనకు రామగుండం దగ్గరే ఉంది. కాకపోతే వాళ్ళకు కావాల్సినవి పెల్లెట్లు (చిన్న గుళికలు), బ్రికెట్లు కాదు, అదీ వేల టన్నుల్లో. టెండరు, డిపాజిట్, తేమ ఎక్కువైతే కోత, అన్నీ ఉంటాయి. మండలం స్థాయి యూనిట్‌కు మొదటి గిరాకీగా అది వద్దు.

అసలు మెషిన్ కొనే రోజు వచ్చిందనుకోండి. డెమో కోసం వాళ్ళ ఫ్యాక్టరీకి పోతే వాళ్ళ రంపం పొట్టుతో చూపిస్తారు. మీ కట్టె పది బస్తాలు మీరే పట్టుకెళ్ళి అది వేయమనండి. వచ్చిన బ్రికెట్‌ను బకెట్ నీళ్ళలో వేయండి, మంచిదైతే రాయిలా మునుగుతుంది, తేలితే ఒత్తిడి చాలలేదు. మునిగాక కాసేపటికి విచ్చిపోయి పొట్టయిపోతుంది, దానికి కంగారు పడొద్దు, అది దాని గుణం. కరెంటు లోడు ఎంతో రాయించుకుని, ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్‌లో వస్తుందా, హెచ్‌టీ (హై టెన్షన్)కి పోవాలా, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఎవరిది అని కరెంటు ఆఫీసులో అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి. పొల్యూషన్ బోర్డు అనుమతి, పంచాయతీ సంగతి కూడా స్థలం కొనకముందే.

అప్పు, సబ్సిడీ, ఆలస్యంగా వచ్చే డబ్బు

పీఎంఈజీపీలో, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో, తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. గ్రామాల్లో జనరల్ వాళ్ళకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు వగైరాలకు 35 శాతం సబ్సిడీ. పది లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఇది కొత్త యూనిట్లకే, కాబట్టి ముందు మెషిన్ దించేసి తర్వాత దరఖాస్తు పెట్టుకుంటే రాదు. సబ్సిడీ మొత్తం కూడా చేతికి ఇవ్వరు, మూడేళ్ళు బ్యాంకులోనే ఉంటుంది.

నా అనుభవంలో యూనిట్లు మూతపడేది మెషిన్ అప్పుతో కాదు, రోజువారీ డబ్బు లేక. కట్టె నాలుగు నెలల్లో కొనాలి, బ్రికెట్లు పన్నెండు నెలలు అమ్మాలి, కొనేవాడు రెండు నెలలకు గానీ బిల్లు ఇవ్వడు. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ మెషిన్ లోన్‌తో పాటే అడగండి, తర్వాత అడిగితే తిప్పుతారు. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. అది ఉంటే చట్టప్రకారం కొనేవాడు 45 రోజుల్లో డబ్బివ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆ గడువు దాటిన బిల్లును వాళ్ళు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేరు, చెల్లించాకే చూపించుకోవాలి. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబర్ అచ్చేయించండి, ఫోన్లు తగ్గుతాయి.

వాన, నిప్పు

ఒక జులైలో ఒక ఫ్యాక్టరీకి లోడు పంపాను. టార్పాలిన్‌కు మూలన చిరుగు ఉంది, డ్రైవర్ చూడలేదు, నేనూ చూడలేదు. గేటు దగ్గర దింపి చూస్తే వెనక భాగమంతా ఉప్మా. లోడు మొత్తం తిప్పి పంపారు, రానూపోనూ కిరాయి నా నెత్తిన. అప్పటి నుంచి జూన్ రాగానే టార్పాలిన్లన్నీ ఎండలో పరిచి కింద నుంచి చూస్తాం, వెలుతురు చుక్క కనిపించిన చోటల్లా అతుకు వేస్తాం.

ముక్కలను నేల మీద పోయకండి, చెదలు పడుతుంది. రాళ్ళు పేర్చి దాని మీద కుప్ప వేసి, పైన గుమ్మటంలా ఉంచి కప్పండి. కుప్పకూ కుప్పకూ మధ్య ట్రాక్టర్ తిరిగేంత ఖాళీ వదలండి, ఒకటి అంటుకుంటే రెండోది మిగలాలి. పైన కరెంటు తీగలుండే స్థలం వద్దే వద్దు. ట్రాక్టర్ సైలెన్సర్ నిప్పురవ్వ, కూలీల బీడీ, ఏప్రిల్ గాలి, ఈ మూడూ కలిస్తే చాలు. స్టాకుకు ఇన్సూరెన్స్ వేరే ఉంటుంది, మెషిన్ ఇన్సూరెన్స్‌తో అది రాదు, పాలసీ చదివి సంతకం పెట్టండి.

మిగతా సరుకులు

బ్రికెట్ ఒక్కటే కాదు గదా అంటే, నిజమే. పత్తి కట్టెతో పార్టికల్ బోర్డు చేయొచ్చని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధనా సంస్థ సిర్కాట్ వాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు, కానీ ప్రెస్సులు, రెజిన్ (జిగురు) అంటే కోట్ల పని. ముక్కల మీద ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచొచ్చు, చిన్నగా, ఇంటి పక్కన షెడ్డులో. బయోచార్, అంటే కట్టెను గాలి తగలకుండా కాల్చి నేలలో వేసే బొగ్గు, నాకు నచ్చిన దారి. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రిడా (CRIDA) 200 లీటర్ల నూనె డ్రమ్ముతోనే ఒక బట్టీ తయారుచేసింది, వెళ్ళి చూసి రండి. నాలుగు కిలోల కట్టెకు కిలో అటూఇటూ బొగ్గు వస్తుంది. కార్బన్ క్రెడిట్ల పేరు చెప్పి ముందే డబ్బు కట్టమనేవాళ్ళు తిరుగుతున్నారు, వాళ్ళకు నమస్కారం పెట్టి పంపించండి. డ్రమ్ముతో మీ చేలో ఒక పది గుంటలకు వేసి చూసుకోండి.

ఆఖరుగా బూడిద. ఎకరానికి టన్ను కట్టె తీసుకెళ్తున్నామంటే ఆ నేలలోని పొటాష్ కూడా తీసుకెళ్తున్నట్టే. బ్రికెట్లు దింపి మీ లారీ ఖాళీగానే తిరిగొస్తుంది కదా, బాయిలర్ బూడిద ఎక్కించుకురండి, చాలా ఫ్యాక్టరీలు తీసుకుపోతే చాలంటాయి. అయితే ఆ బాయిలర్‌లో గనుల బొగ్గు కలిపి కాలుస్తుంటే ఆ బూడిద వద్దు, చేలో వేయకూడదు. ఒట్టి బయోమాస్ బూడిదైతే కట్టె ఇచ్చిన రైతులకే ట్రాలీ చొప్పున పశువుల ఎరువులో కలుపుకోమని ఇవ్వండి. మా దగ్గర ఇది మొదలయ్యాక ఇంకో సంగతి జరిగింది: జనవరిలో మేం ఫోన్ చేయకముందే "కట్టె ఎప్పుడు పీకుతరు, బూడిద ఎప్పుడు తెస్తరు" అని వాళ్ళే చేస్తున్నారు.